ఎరుక చెప్పి ఇచ్చే మందు

మనిషి ప్రాణం నిలిపే మందు, అరుదుగా, ఆ మనిషి చూపునే దెబ్బతీయవచ్చు. ఆ సంగతి ఇచ్చేవాళ్లకు తెలుసు. మింగేవాళ్లకు చెప్పాలా, వద్దా? చెబితే భయపడి మందు మానేస్తారు, మానేస్తే ప్రాణానికే ముప్పు, కాబట్టి చెప్పకపోవడమే మేలని కొందరంటారు. ఎవరి ఒంట్లోకి మందు పోతోందో వాళ్లకే చెప్పకపోవడం ఏం మేలని మరికొందరు అడుగుతారు. టీబీ మందుల విషయంలో ఇది డాక్టర్లు తమలో తాము తేల్చుకోవలసిన చర్చ కాదు. కృష్ణా జిల్లా మెట్టలో, జగ్గయ్యపేట, నందిగామ చుట్టూ ఉన్న తండాల్లో, ఎరుకల వాడల్లో, యానాది కాలనీల్లో టీబీ వచ్చిన ప్రతి ఇంట్లో రోజూ మింగే బిళ్ల గురించిన ప్రశ్న ఇది. పాత జిల్లా 2022లో విడిపోయి మన ఊళ్లు ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లాయి గానీ, ప్రశ్న ఎక్కడికీ పోలేదు.

ముందు విషయం తెలుసుకుందాం. ఆ మందు పేరు ఇథాంబుటాల్. 1961లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో కనుగొన్నారు. అది కంటి నరానికి చేటు చేయగలదని వాడకం మొదలైన తొలి ఏళ్లలోనే గమనించారు. అంటే ఇది నిన్న మొన్న బయటపడ్డ సంగతి కాదు. అరవై ఏళ్లుగా వైద్య పుస్తకాల్లో ఉన్నదే. ఈ చేటుకు కొన్ని గుర్తులున్నాయి. నొప్పి ఉండదు. కన్ను ఎర్రబడదు. బయటి నుంచి చూసేవాళ్లకు ఏమీ కనబడదు. సాధారణంగా మందు మొదలైన రెండు నెలల తర్వాత, రెండు కళ్లకూ వస్తుంది. చూపు మధ్యలో మసక కమ్ముతుంది, అక్షరాలు, ముఖాలు తేటగా ఆనవు. చాలామందిలో అన్నిటికంటే ముందు రంగుల్లో తేడా వస్తుంది. ఎరుపు వెలిసినట్టు కనిపిస్తుంది, ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా తెలియదు. తొందరగా కనిపెట్టి ఆ ఒక్క మందు ఆపితే చాలామందికి వారాల్లోనో నెలల్లోనో చూపు తిరిగి వస్తుంది. ఆలస్యమైతే కొందరికి ఎప్పటికీ రాదు.

ఎంతమందికి వస్తుంది? అది మోతాదును బట్టి, వాడిన కాలాన్ని బట్టి ఉంటుంది. ఒంటి బరువులో కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున ఇస్తే నూటికి ఒకరికి, లేదా అంతకంటే తక్కువ మందికి. 25 మిల్లీగ్రాముల చొప్పున చాలాకాలం ఇస్తే నూటికి ఐదారుగురికి. వైద్య పుస్తకాలు చెప్పే లెక్క ఇది. మన దేశంలో 2017 నుంచి నాలుగు మందులు కలిపిన ఒకే బిళ్లను రోజూ ఇస్తున్నారు. మొదటి రెండు నెలలు నాలుగు మందుల బిళ్ల, తర్వాతి నాలుగు నెలలు మూడు మందుల బిళ్ల. రెండింటిలోనూ ఇథాంబుటాల్ ఉంటుంది, బిళ్లకు 275 మిల్లీగ్రాములు. ఎన్ని బిళ్లలన్నది బరువును బట్టి నిర్ణయిస్తారు. 35 కిలోల నుంచి 49 కిలోల దాకా ఉన్నవాళ్లందరికీ రోజుకు 3 బిళ్లలు, అంటే 825 మిల్లీగ్రాములు. లెక్క వేసి చూడండి. 49 కిలోల మనిషికి కిలోకు 17 మిల్లీగ్రాముల లోపే పడుతుంది. 35 కిలోల మనిషికి దాదాపు 24 పడుతుంది. ఇది తప్పు మోతాదు కాదు, నిబంధనల లోపలే ఉంది. కానీ ఒకే వరుసలో నిలబడి ఒకే మందు తీసుకునే ఇద్దరిలో, బక్కచిక్కిన మనిషి మీద బరువు ఎక్కువ పడుతోందన్నది నిజం. ఆ బక్కచిక్కిన మనుషులు ఏ వాడల్లో ఎక్కువ ఉంటారో టీచర్లకు వేరే చెప్పాలా?

ఇంకొక సంగతి. ఇథాంబుటాల్ ఎక్కువ భాగం మూత్రపిండాల ద్వారానే బయటికి పోతుంది. మూత్రపిండాలు సరిగా పనిచేయని మనిషిలో మందు నిలవ ఉండిపోయి కంటికి ముప్పు పెరుగుతుంది. ఇదే మెట్టలో, తిరువూరు వైపు ఏ.కొండూరు మండలం తండాల్లో మూత్రపిండాల జబ్బు ఎన్ని కుటుంబాలను కుంగదీసిందో ఏళ్లుగా అందరికీ తెలుసు. అలాంటి తండాలో టీబీ వచ్చిన మనిషికి మందు మొదలుపెట్టే ముందు మూత్రపిండాల పరీక్ష చేయించడం, మోతాదు సరిచూడడం అదనపు సేవ కాదు. అది చికిత్సలో భాగం.

టీబీ మనవాళ్లను ఎక్కువగా పట్టుకుంటుందన్నది కూడా ఊహ కాదు. డాక్టర్ అభయ్ బంగ్ అధ్యక్షతన గిరిజన ఆరోగ్యం మీద వేసిన నిపుణుల కమిటీ 2018లో నివేదిక ఇచ్చింది. లక్ష మంది గిరిజనుల్లో టీబీ ఉన్నవారు 703 మంది, మిగతా జనంలో 256 మంది అని అందులో అంచనా చెప్పింది. జబ్బు ఎక్కువగా ఉన్నచోట మందు ఎక్కువగా చేరాలి. మందు ఎక్కువగా చేరినచోట దాని చేటు గురించిన జాగ్రత్త కూడా అంతే ఎక్కువగా చేరాలి. మందు బండి తండా దాకా వచ్చి, జాగ్రత్త మాత్రం రోడ్డు మీదే ఆగిపోతే ఎలా?

ఇప్పుడు చెప్పొద్దు అనేవాళ్ల మాట విందాం. వాళ్లు చెడ్డవాళ్లు కాదు. ఆశా కార్యకర్త గానీ, ఏఎన్‌ఎం గానీ, టీబీ సూపర్‌వైజర్ గానీ ఒక్కొక్క మనిషిని బతిమాలి, బుజ్జగించి ఆరు నెలలు మందు మింగిస్తారు. కడుపులో తిప్పుతోందనీ, పనికి పోవాలనీ, ఇప్పుడు బాగానే ఉందిగా అనీ మధ్యలో మానేసినవాళ్లను చూసి ఉంటారు. మానేసిన మనిషికి జబ్బు తిరగబెట్టి, మందులకు లొంగని టీబీగా మారి, ఇంట్లో పిల్లలకు అంటుకోవడం చూసి ఉంటారు. అంత కష్టపడి నిలబెట్టిన మనిషికి ‘ఇందులో కంటిచూపు పోగొట్టగల మందు ఉంది’ అని చెప్పడానికి వాళ్లకు నోరు రాదు. నూటికి ఒకరికి కూడా రాని చేటు గురించి చెప్పి, మిగతా తొంభై తొమ్మిది మందిని భయపెట్టడం దేనికి అంటారు.

చట్టం కూడా ఈ వాదానికి కొంత చోటు ఇచ్చింది. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు, చికిత్సకు ముందు రోగికి దాని స్వభావం, లాభం, గణనీయమైన ప్రమాదాలు, వేరే మార్గాలు చెప్పి అనుమతి తీసుకోవాలని స్పష్టంగా చెప్పింది. అదే తీర్పులో, ఎక్కడో దూరాన ఉన్న ప్రమాదాలను చెప్పి రోగిని బెదరగొట్టి, అవసరమైన చికిత్సకు దూరం చేయనక్కరలేదని కూడా అన్నది. కాబట్టి మన ప్రశ్న ఇది: ఇథాంబుటాల్ వల్ల చూపుకు వచ్చే ముప్పు చెప్పవలసిన ముప్పా, చెప్పనక్కరలేని దూరపు ముప్పా?

నా ఉద్దేశంలో ఈ తేడాను శాతాలతో ఒక్కదానితోనే తేల్చలేం. కొన్ని ముప్పులు చెప్పినా, చెప్పకపోయినా ఒకటే. ముందే తెలిసినా మనిషి చేయగలిగింది ఏమీ ఉండదు. ఇది అలాంటిది కాదు. ఈ చేటును మొదట కనిపెట్టగలిగింది ఆ మనిషే. డాక్టరు ఎక్స్‌రేలో కనబడదు, కఫం పరీక్షలో కనబడదు. నెలకోసారి వచ్చి బిళ్లలు ఇచ్చి పోయే కార్యకర్తకు కనబడదు. నిన్న కనబడింది ఇవాళ కనబడడం లేదని ఆ మనిషి నోటితో చెబితేనే తెలుస్తుంది. ఏం గమనించాలో చెప్పకపోతే వాళ్లెలా చెబుతారు? ‘నీరసం వల్ల మసకలు, వయసు వచ్చింది, ఎండ దెబ్బ’ అనుకుని ఊరుకుంటారు. బిళ్ల మింగుతూనే ఉంటారు. కన్ను తిరిగి రాగల రోజులు అలా గడిచిపోతాయి. ఇక్కడ మాట కూడా మందులాంటిదే. బిళ్ల ఇచ్చి మాట ఇవ్వకపోతే సగం వైద్యమే చేసినట్టు.

చెబితే మానేస్తారన్న భయానికి జవాబు కూడా టీబీ కార్యకర్తల అనుభవంలోనే ఉంది. రిఫాంపిసిన్ మందు వల్ల మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తుంది. ఆ సంగతిని ముందుగానే చెబుతారు. ఎందుకు? చెప్పకపోతే మొదటి రోజే చూసి, రక్తం పోతోందని హడలిపోయి మానేస్తారు. చెబితే ‘ఆ, అన్నారుగా’ అనుకుని కొనసాగిస్తారు. అంటే ముందుగా చెప్పిన మాట మనిషిని మందు దగ్గర నిలబెడుతుందని వాళ్లకు తెలుసు. ప్రమాదం లేని మార్పును చెప్పి, ప్రమాదం ఉన్న మార్పును దాచడం ఏం న్యాయం? దిగుడుబావిలో మూడో మెట్టు జారుతుందని చెబితే ఎవరూ నీళ్లు మానుకోరు. ఆ మెట్టు దగ్గర కాలు చూసి పెడతారు. చెప్పకపోవడం వల్ల ఒకరు జారిపడితే మాత్రం, ఆ బావి మంచిది కాదన్న మాట ఊరంతా పాకుతుంది. తండాలో ఒకరికి చూపు పోయి, కారణం వాళ్లంతట వాళ్లే తెలుసుకున్నారనుకోండి. ఆ తర్వాత ఏ కార్యకర్త మాటా ఎవరూ నమ్మరు.

ఇంకా ఒక పొరపాటు ఆలోచన ఉంది. చూపు కావాలా, ప్రాణం కావాలా తేల్చుకోమన్నట్టు కొందరు మాట్లాడతారు. అలాంటి తప్పనిసరి ఇక్కడ లేదు. చూపు మసకబారితే ఆపవలసింది ఇథాంబుటాల్ ఒక్కటే. మిగతా మందులతో, డాక్టరు అవసరమని చూసి చేర్చే మందుతో చికిత్స సాగుతుంది. కానీ నాలుగు మందులూ ఒకే బిళ్లలో కలిసి ఉండడం వల్ల రోగి తనంతట తాను ఒక్కదాన్ని ఆపలేడు. ఆపితే అన్నీ ఆగిపోతాయి, అది ప్రాణానికి ముప్పు. అందుకే రోగికి రెండు మాటలూ కలిపి చెప్పాలి. చూపులో తేడా వస్తే తర్వాతి మోతాదు లోపే ఆసుపత్రికి వచ్చి చెప్పాలి. సొంతంగా కోర్సు మానుకోకూడదు. అటువైపు ఆసుపత్రి కూడా అలా వచ్చిన మనిషిని రేపు రా, ఎల్లుండి రా అని తిప్పకూడదు. విడి బిళ్లలు సిద్ధంగా ఉంచాలి.

ఇక్కడితో ఆగితే ఇది ఆరోగ్య సలహా అవుతుంది. ఇంతకంటే లోతైన విషయం ఒకటుంది. బిళ్లలో ఇథాంబుటాల్ ఎందుకు ఉంది? టీబీ క్రిమిని చంపడంలో ముఖ్యమైన పని ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్‌లది. ఐసోనియాజిడ్‌కు లొంగని క్రిములు మన దేశంలో చాలా చోట్ల ఉన్నాయి. అలాంటి క్రిమి ఉన్న మనిషిలో రిఫాంపిసిన్ ఒంటరిగా మిగిలిపోతే, క్రిమి దానికి కూడా మొండిదైపోతుంది. అలా కాకుండా తోడు కాపలాగా ఇథాంబుటాల్ ఉంటుంది. ఆ కాపలా మింగే మనిషికీ మేలే. అయితే మొండి టీబీ పుట్టకుండా ఆపితే మేలు ఊరందరికీ, దేశానికంతటికీ. అంటే ఆ చేదు బిళ్లను ఒక మనిషి మింగుతున్నా, దాని మేలును అందరం పంచుకుంటున్నాం. చేటు వస్తే మాత్రం ఆ ఒక్క మనిషికే వస్తోంది.

నూటికి తొంభై తొమ్మిది మంది బాగుపడుతున్నారు కదా అనేవాళ్లు ఈ లెక్క మర్చిపోతారు. మందు మానేయాలని నేను అనడం లేదు. ఇథాంబుటాల్ వల్ల బతికినవాళ్లు ఎంతోమంది. కానీ అందరి మేలు కోసం ఒకరు ముప్పు మోస్తున్నప్పుడు, ఆ ఒక్కరికి అందరూ బాకీ పడతారు. ఆ బాకీలో మూడు పాళ్లున్నాయి: ముందుగా చెప్పడం, మధ్యలో కనిపెట్టుకుని ఉండడం, చేటు జరిగితే ఆదుకోవడం. అమెరికాలో 1986లో టీకాల వల్ల దెబ్బతిన్న పిల్లలకు పరిహారం ఇచ్చే చట్టం చేశారు. దాని వెనుక ఉన్నదీ ఈ న్యాయమే. అందరి రక్షణ కోసం టీకా వేయించుకున్న బిడ్డకు హాని జరిగితే, ఆ భారం ఆ తల్లిదండ్రుల మీద మాత్రమే పడకూడదు.

గిరిజనులకు ఈ ప్రశ్న మరింత పదునుగా ఎందుకు తగులుతుందో చెప్పాలంటే జగ్గయ్యపేట సరిహద్దు దాటి ఖమ్మం వైపు చూడాలి. 2009 జూలైలో అప్పటి ఖమ్మం జిల్లాలో, 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేసే కార్యక్రమం మొదలైంది. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టాయి. దాదాపు 14 వేల మంది పిల్లలు. వాళ్లలో చాలామంది భద్రాచలం వైపు హాస్టళ్లలో చదివే గిరిజన బాలికలు. కొందరు పిల్లల మరణాలు బయటికొచ్చాక 2010 ఏప్రిల్‌లో కార్యక్రమాన్ని ఆపేశారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్టు విచారణలో తేలలేదు. కానీ ఇంకొకటి తేలింది. తల్లిదండ్రుల అనుమతి ఉండవలసిన రెండు వేలకు పైగా ఫారాల మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. మరెన్నో ఫారాల మీద వేలిముద్రలే ఉన్నాయి. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుబట్టింది.

టీకా మంచిదా, చెడ్డదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. మంచిదే కావచ్చు. తండాలోనో గూడెంలోనో ఉన్న తల్లిని అడగనవసరం లేదని, ఆమె బదులు వేరొకరు సంతకం పెట్టవచ్చని అంత సులువుగా ఎలా అనిపించింది? ఇది ఈ పుస్తకం చదివే టీచర్లు ప్రత్యేకంగా ఆలోచించవలసిన విషయం. ఆ సంతకాలు పెట్టినవాళ్లు కూడా పిల్లల మేలు కోరినవాళ్లే అయి ఉండవచ్చు. ‘వాళ్లకు అర్థం కాదు’ అన్న ఒక్క మాటతో మేలు కోరే మనిషి కూడా ఎదుటివాళ్ల హక్కు తీసేసుకోగలడు. చూపు సంగతి దాచడం వెనుక ఉన్నదీ ఆ మాటే. పట్నంలో చదువుకున్న రోగి మందు పెట్టెలో కాగితం తీసి చదువుకుంటాడు, ఫోనులో వెతుక్కుంటాడు. తెలియకుండా ఉండేది మనవాళ్లకే.

అర్థం కాదన్నది నిజమేనా? మెట్టలో జనవరి నుంచి మిరప కోతలు. కాయ కోసే ఆడవాళ్లు పొద్దున్నుంచి సాయంత్రం దాకా పచ్చి కాయ వదిలి పండు కాయ తెంపుతారు. కల్లంలో తాలు కాయ ఏరుతారు. ఎరుపు, ఆకుపచ్చ, వెలిసిన ఎరుపు, ఈ తేడాలు వాళ్లకు కూలి తెచ్చిపెట్టే తేడాలు. లంబాడీ అమ్మమ్మలు అద్దాల చుట్టూ ఏ దారం పక్కన ఏ దారం వేయాలో చూడగానే చెబుతారు. కంటి డాక్టర్లు రంగుల చుక్కల పుస్తకం పెట్టి పరీక్షించేది సరిగ్గా ఈ తేడానే. ఆ పుస్తకాన్ని జపాన్‌లో ఇషిహరా అనే కంటి వైద్యుడు 1917లో తయారుచేశాడు. కాబట్టి మందు ఇచ్చేటప్పుడు, ‘అమ్మా, కోతలో పండు కాయకూ పచ్చి కాయకూ తేడా తెలియకపోయినా, మొహాలు మసకగా ఆనినా, ఆ రోజే వచ్చి చెప్పు. తొందరగా చెబితే కన్ను బాగవుతుంది. మందు మాత్రం నీ అంతట నువ్వు మానకు’ అంటే చాలు. ఇందులో అర్థం కానిది ఏముంది?

మనలో ఎరుకల ఆడవాళ్లు ఊరూరా తిరిగి ఎరుక చెప్పేవారు. ఎరుక అంటే తెలివిడి. మనిషి ముందున్న మంచీ చెడూ రెండూ చెప్పడం వాళ్ల వృత్తిధర్మం. చెడు చెబితే భయపడతారని మంచి మాత్రమే చెప్పే ఎరుకను ఎవరూ నమ్మరు. వాళ్లు చెప్పేది నిజమవుతుందా లేదా అన్నది వేరే సంగతి. కానీ రాబోయేది ముందుగా తెలుసుకునే హక్కు ప్రతి గడపకూ ఉందని ఆ వృత్తి ఒప్పుకుంది. నిజమైన ఎరుక చేతిలో ఉన్న వైద్యం ఆ పాటి హక్కును కూడా ఒప్పుకోకపోతే ఎలా?

కనిపెట్టుకుని ఉండడం అసాధ్యం కాదు. 2019 అక్టోబరులో మన రాష్ట్రంలో కంటి వెలుగు మొదలైనప్పుడు ముందుగా బడి పిల్లలకు పరీక్షలు చేశారు. అన్ని బళ్లకూ వెళ్లగలిగిన వ్యవస్థ, ఒక మండలంలో టీబీ మందు మింగుతున్న ఆ కొద్దిమందికి మొదటి రోజు ఒకసారి, తర్వాత నెలకోసారి చూపు, రంగులు పరీక్షించలేదా? మొదటి రోజు పరీక్ష చాలా ముఖ్యం. మందుకు ముందు చూపు ఎంత ఉందో రాసిపెట్టుకోకపోతే, తర్వాత తగ్గిందని ఎలా రుజువు చేస్తాం? మందులకు లొంగని టీబీకి ఇచ్చే లినెజోలిడ్ కూడా కంటి నరానికి చేటు చేయగలదు. ఆ కోర్సులో ఉన్నవాళ్లకు ఈ పరీక్ష మరింత అవసరం.

తండా యువత, టీచర్లు చేయగలిగింది కూడా ఉంది. ఊళ్లో మందు వాడుతున్నవాళ్లు ఒప్పుకుంటేనే, వాళ్ల జబ్బు నలుగురికీ చాటకుండా, వారానికి ఒకసారి గోడ మీది క్యాలెండర్ చూపించి, ఒక్కొక్క కన్ను మూసి రెండో కంటితో అంకెలు చెప్పించవచ్చు. చదువు రానివాళ్లకు ఒక పండు మిర్చి, ఒక పచ్చి మిర్చి చాలు. ఇది డాక్టరు పరీక్షకు బదులు కాదు. డాక్టరు దగ్గరికి ఎప్పుడు పరుగెత్తాలో చెప్పే పరీక్ష. మూత్రపిండాల జబ్బు, షుగరు ఉంటే ఆ మాట మొదటి రోజే ఆసుపత్రిలో చెప్పించాలి. విజయవాడ పెద్దాసుపత్రికి పంపితే తోడు వెళ్లాలి. కూలి పోతుందని వాయిదా వేసే మనిషికి ఆ తోడే ధైర్యం.

అన్నీ చేసినా ఎవరికైనా చూపు పోవచ్చు. అప్పుడు సదరం సర్టిఫికెట్ ఇప్పించి వికలాంగుల పింఛను ఇప్పించడంతో పని అయిపోయిందనుకోకూడదు. పింఛను కళ్లు లేనివాళ్లందరికీ వస్తుంది, రావాలి. ఈ మనిషికి ఇంకొకటి కూడా రావాలి. ‘అందరి కోసం ఇచ్చిన మందు వల్ల నీకు ఇది జరిగింది’ అని ఆసుపత్రి కాగితం మీద రాయాలి. మందుల చేటును నమోదు చేసే పద్ధతి ప్రభుత్వంలో ఉంది. అందులో ఆ పేరు చేరాలి. చేరకపోతే లెక్కల్లో ఆ చేటు జరగనట్టే, తర్వాతి మనిషికి జాగ్రత్త పెరగనట్టే. తండాలో ఎవరికైనా ఇలా జరిగితే, ఆ నమోదు జరిగిందా అని అడిగే మనిషి ఆ తండా నుంచే రావాలి. చదువుకున్న పిల్లలు ఉన్నది అందుకే.